టెక్ సందేహాలు: కాలాలు కలగలిసిన నవల, సార్ట్ కొట్టిన షీట్

ఈ వారం వచ్చిన మెసేజ్‌లల్ల అయిదు ఒకే గ్రూపు నుంచి వచ్చినయి, ఒకరు రాసినట్టు ఇంకొకరికి తెల్వదనుకుంట. ముప్పై మంది దాకా ఉన్నరు, నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, ఇద్దరు దుబాయ్‌ల. వాట్సాప్‌ల గ్రూపు పెట్టుకుని వారానికి ఇన్ని అధ్యాయాలని ఒక నవల చదువుతున్నరు, ఆదివారం రాత్రి వీడియో కాల్‌ల మాట్లాడుకుంటరు. నవల మూడు కాలాలల్ల నడుస్తదట: రజాకార్ల నాటి ఊరు, సాగర్ కాల్వ వచ్చిన నాటి ఊరు, ఇప్పటి ఊరు. ఒక అధ్యాయం ఇక్కడ, ఇంకోటి అక్కడ. అందుకే అందరికీ పరేషాన్ మొదలైంది.

హాలియా నుంచి ఒక టీచర్ మేడమ్: "అధ్యాయాలన్నీ గూగుల్ షీట్‌ల రాసుకున్నం, ఏది ఎప్పుడు జరిగిందో తెలుస్తదని. ఎవరో సార్ట్ కొట్టిన్రు, ఇప్పుడు తాత చనిపోయిన అధ్యాయం పక్కన 2019 అని చూపిస్తుంది. మళ్ల మొదటి నుంచి కొట్టాల్నా?"

అక్కర్లేదు మేడమ్. జరిగింది ఏందంటే, ఆ మనిషి సంవత్సరం కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి ‘సార్ట్ రేంజ్’ కొట్టి ఉంటడు, అప్పుడు ఆ కాలమ్ ఒక్కటే కదుల్తది, పక్క కాలమ్‌లు ఉన్నకాడ్నే ఉంటయి. ‘సార్ట్ షీట్’ కొడితే మాత్రం అడ్డం వరుస మొత్తం కలిసి కదుల్తది. లాప్‌టాప్‌ల తెరిచి ఫైల్ మెనూల వెర్షన్ హిస్టరీకి పోండి, సార్ట్ కొట్టకముందు రోజుది పట్టుకుని రీస్టోర్ కొట్టండి, అంతే. ఏ మార్పు ఎప్పుడు ఎవరు చేసిన్రో పేరుతో సహా అక్కడ్నే కనిపిస్తది.

కానీ అసలు కిరికిరి వేరే ఉంది. మీరు పంపిన ఫొటోల సంవత్సరం కాలమ్ చూసిన. ఒకదాంట్ల ‘ఫసలీ 1357’ (ఫసలీ అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది), ఇంకోదాంట్ల ‘సాగర్ నీళ్లొచ్చిన యేడు’, ఇంకోదాంట్ల ‘5/6/1983’. ఇవి అధ్యాయాల మీద రచయిత పెట్టిన హెడ్డింగులే అంటున్నరు, నాకైతే మస్తు నచ్చింది, మా నాయనమ్మ కూడా పోలీసు యాక్షన్ అయినంక ఎన్నేండ్లకు అనే లెక్క చెప్పేది గానీ తారీఖు చెప్పకపోయేది. అయితే షీట్‌కు ఈ సంగతి ఏం తెలుస్తది. ‘ఫసలీ 1357’ అని మాటతో ఉంటే దాన్ని నంబర్ అనే అనుకోదు, ఉత్త 1357 కొడితే 1948 కన్నా చిన్న నంబర్, అంతవరకే. ఫసలీ 1420 నాటి అధ్యాయం ఉండి ఉత్త 1420 అని కొట్టినా అది 1948కి పైన్నే పోయి కూసుంటది.

నిజాం కాలపు ఫసలీని ఇంగ్లీష్ సంవత్సరంల చూసుకోవాల్నంటే నెలను బట్టి 590 గానీ 591 గానీ కలపాలె. హైదరాబాద్ సంస్థానంల ఫసలీ ఏడాది అక్టోబర్‌ల మొదలయ్యేది, అందుకే ఫసలీ 1357 అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్‌ల అయింది కాబట్టి దానికి 591 కలిస్తేనే లెక్క కుదురుతది. భూముల పనిమీద తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగినోళ్లకు ఇది కొత్త కాదు, భూమి రెవెన్యూ చట్టాన్నే 1317 ఫసలీ అంటరు కదా. ఆంధ్ర దిక్కు ఫసలీ జులైల మొదలవుతది, నెట్‌ల దొరికే లెక్కలు చూసేటప్పుడు ఇది యాది పెట్టుకోండి. ఇగ సాగర్ నీళ్లొచ్చిన యేడు అంటే 1967, ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది, మీ హాలియాల దీనికి సాక్షులు ఇంకా ఉంటరు, అడిగి చూడండి.

కాబట్టి మూడు కాలమ్‌లు పెట్టుకోండి. ఒకటి పుస్తకంల వరుస, 1 నుంచి చివరి అధ్యాయం దాకా నంబర్, ఒక్కసారి కొట్టినంక దాన్ని ముట్టొద్దు. రెండోది హెడ్డింగ్ ఉన్నదున్నట్టు. మూడోది జరిగిన వరుస, ఇందుల తారీఖులు వద్దు, 194801, 194802, 196701 గిట్ల ఉత్త నంబర్లే కొట్టండి, సంవత్సరం వెనక ఆ ఏడుల ఎన్నో సంఘటనో రెండంకెలల్ల. చుక్క పెట్టి 1948.10 అని కొడితే షీట్ దాన్ని 1948.1 చేసి పారేస్తది. తారీఖు ఎందుకొద్దంటే, ‘5/6’ అంటే ఫైల్ సెట్టింగ్స్‌ల లొకేల్ (ఏ దేశం పద్ధతి అనేది) అమెరికా ఉంటే మే 6, ఇండియా ఉంటే జూన్ 5 అయితది. ఎక్సెల్‌ల చేసుకునేటోళ్లకు ఇంకో చిక్కు, 1900 జనవరి 1 కంటే ముందటి తారీఖును అది తారీఖు అనే అనుకోదు, ఉత్త అక్షరాల లెక్క పక్కన పెడ్తది. ఇట్ల రెండు వరుసలు ఉంటే కాలం ప్రకారం చూడాలన్నోళ్లు ఫిల్టర్ వ్యూ పెట్టుకుని ఎవరిది వాళ్లు సార్ట్ చేసుకోవచ్చు, మిగతావాళ్లకు ఏం కదలదు. ముప్పై మందికీ ఎడిటర్ హక్కు ఎందుకు మేడమ్, ఇద్దరు ముగ్గురికి ఇచ్చి మిగతావాళ్లను కామెంటర్ చేయండి, వాళ్లు కామెంట్ రాయొచ్చు గానీ షీట్ మార్చలేరు.

మహబూబ్‌నగర్ నుంచి ఒకన్న: "నా దగ్గర ఈపబ్ ఉంది. అధ్యాయాలను జరిగిన వరుసల పేర్చి చదువుకునే సాఫ్ట్‌వేర్ ఏమన్నా ఉందా?"

ఉంది. క్యాలిబర్ అని ఫ్రీగ దొరుకుతది, మనదేశపోడు కొవిద్ గోయల్ మొదలుపెట్టిందే. ఈపబ్ అంటే లోపల వెబ్‌పేజీల అసొంటి ఫైళ్లను జిప్ చేసిన మూట, క్యాలిబర్‌ల ‘ఎడిట్ బుక్’ తెరిస్తే ఆ ఫైళ్లు వరుసగ కనిపిస్తయి, పైకీ కిందికీ లాగొచ్చు. లాక్ ఉన్న పుస్తకాలకు కుదరదు. కానీ అన్నా, మొదటిసారి మాత్రం ఇట్ల చదవకు. మీరే రాసిన్రు, ఇంటెనక పెట్టె ఎవరు పాతిపెట్టిన్రో పదకొండో అధ్యాయం దాకా తెల్వదని. కాలం వరుసల పేరిస్తే అది రెండో అధ్యాయంల్నే తెలిసిపోతది, ఇగ తర్వాత మనవడు గడ్డపార పట్టుకుని తవ్వుతుంటే మీకు ఆత్రం ఎక్కడిది? అయిపోయినంక రెండోసారికి పేర్చుకోండి, అప్పుడు వేరే మజా ఉంటది.

మిర్యాలగూడ చెల్లె ఒకామె: "నేను కిండిల్‌ల చదువుతున్న, వాళ్లు 112వ పేజీ అంటే నాకు దొరకదు."

అక్షరం సైజు పెంచితే స్క్రీన్‌ల పట్టే మాటలు మారుతయి, అచ్చు పుస్తకం పేజీలతో కలిపిన పుస్తకాలకే కిండిల్‌ల అచ్చు పేజీ నంబర్ ఉంటది. కిండిల్ సొంతంగ ఇచ్చే లొకేషన్ నంబర్ మాత్రం సైజు మార్చినా మారదు, అయితే అది అచ్చు పుస్తకం పట్టుకున్నోళ్లకు పనికిరాదు. పేజీ మాట వదిలేసి అధ్యాయం నంబర్, పేరా మొదటి మూడు మాటలు చెప్పుకోమనండి, సెర్చ్‌ల కొడితే దొరుకుతది.

దేవరకొండ నుంచి ఒక సార్‌కు ఆ సెర్చే పనిచేస్తలేదట: "నా పాత పీడీఎఫ్‌ల మల్లమ్మ అని కొడితే ఒక్కటి కూడా రాదు, కళ్ల ముందట పేరు కనిపిస్తుంది."

మీది ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లల్ల చేసిన ఫైల్ అయి ఉంటది సార్. చూసేదానికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు ఉంటయి. ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌ల పేస్ట్ చేయండి, పిచ్చి గీతలు వస్తే అదే. ఏమీ కాపీ కాకపోతే అది ఫొటో తీసిన స్కాన్. రెండిటికీ మందు ఒకటే, పేజీలను ఫొటోల లెక్క సేవ్ చేసి గూగుల్ డ్రైవ్‌ల ఎక్కించి, గూగుల్ డాక్స్‌తోని ఓపెన్ చేయండి, తెలుగు చదివి యూనికోడ్ (వెతికితే దొరికే అసలు తెలుగు అక్షరాలు) చేస్తది. ఒత్తులకాడ తప్పులు వస్తయి. వెతికేటప్పుడు పేరు మొదటి ముక్క మాత్రమే కొట్టండి, ‘రాముడు’ అంటే ‘రాముని’, ‘రామునికి’ దొరకవు, ‘రాము’ అంటే అన్నీ వస్తయి.

కొందరు ముందే చదివి గ్రూపుల కథ చెప్పేస్తున్నరని కూడా దేవరకొండ సారే రాసిన్రు. టెలిగ్రామ్‌ల అయితే మాటను సెలెక్ట్ చేసి స్పాయిలర్ పెట్టొచ్చు, నొక్కితేనే కనిపిస్తది. మీ వాట్సాప్‌ల అట్లాంటిది కనిపించకపోతే, మొదటి లైన్‌ల ‘14 దాకా చదివినోళ్లకే’ అని రాసి, కింద చానా ఖాళీ లైన్లు వదిలి అసలు మాట రాస్తే ‘రీడ్ మోర్’ కింద పోతది. మొదటి లైన్ నోటిఫికేషన్‌ల కనిపిస్తది కాబట్టి అక్కడ చచ్చినోని పేరు పెట్టొద్దు.

ఆఖరుది నకిరేకల్ నుంచి, పేరు రాయొద్దన్నడు: "అన్నా, మా గ్రూపు షీట్‌ల సార్ట్ కొట్టింది నేనే. వెర్షన్ హిస్టరీల నా పేరు తీసేసుడు ఎట్ల?"

తీసేయరాదు తమ్మీ. ఎడిటర్ హక్కు ఉన్నోళ్లందరికీ కనిపిస్తది, మీ గ్రూపుల అందరికీ ఉంది. మేడమ్ ఇది చదివి లాప్‌టాప్ తెరిచే లోపల నువ్వే ఫోన్ చెయ్యి.