పాత గేముల ప్యాచ్‌లు దాచే మా అల్లుడికి

అల్లుడూ,

పాత కంప్యూటర్ గేములకి మనోళ్లు చేసిన మార్పులన్నీ, అంటే ప్యాచ్‌లన్నీ, వెతికి దాస్తాండావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. శానా సంతోషమైంది, దానికి రెండింతలు భయమైంది. పగలంతా ఆఫీసులో స్క్రీను, రాత్రి రెండు దాకా మళ్లా అదే స్క్రీను అయితే నీ కళ్లు ఏం కావాల? ముందు నిద్ర. సప్తగిరి సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో కౌంటర్ మీద అన్నేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తాండా, విను.

రెండు చోట్ల కాపీ పెట్టుకో. మార్పు గురించి వివరాలు రాసుండే రీడ్‌మీ ఫైలు పారేయద్దు. యాంటీవైరస్‌ని దాని ఇష్టానికి డిలీట్ చేయనీయద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఏది ఉంచాల, ఏది వదలాల అనేదే కష్టం. పేరున్నవి, బాగా చేసినవి ముందు తీసుకుంటా అన్నావంట. వద్దు నాయనా. 1993లో వచ్చిన డూమ్ గేముకి జనం చేసిన లెవెళ్లు వేలకొద్దీ ఎప్పుడో భద్రంగా ఉండాయి. కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో హాఫ్‌లైఫ్‌కి ఇద్దరు చేసిన మార్పుగానే మొదలైంది, దాన్ని ఎవరు మర్చిపోతారు? నువ్వు ముట్టుకోకున్నా అవి బతుకుతాయి. నువ్వు వదిలేస్తే ఇంకెక్కడా దొరకనిది ఏదో అది తీసుకో, ఎంత ముతకగా ఉన్నా సరే. జీటీఏ వైస్ సిటీ గేములో బస్సుకి మన ఆర్టీసీ ఎర్ర రంగు పూసి, ఊరి పేరు తిరగబడి పడిన టీఎక్స్‌డీ ఫైలు (ఆ గేములో రంగులు, బొమ్మలు ఉండేది) దొరికిందనుకో, అదే ముందు.

క్రికెట్ 07 సంగతి చెప్పాల నీకు. ఈఏ వాళ్లు 2006లో వదిలినారు, లైసెన్సు లేక మన ఆటగాళ్లకి అసలు పేర్లే లేవు, కాబట్టి పిల్లోళ్లు కూర్చోగానే చేసే మొదటి పని పేర్లు మార్చడం. 2008లో ఐపీఎల్ వచ్చినాక ఏటేటా కొత్త జెర్సీలు, కొత్త జట్లు. మన సెంటర్‌కి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడే పిల్లోళ్లు చెమటలతోనే వచ్చేవాళ్లు, వాళ్లు మూలనుండే సిస్టంలో ఒక జట్టు మొత్తం వాళ్ల పేర్లతోనే తయారుచేసినారు, ఎవడు ఎడమచెయ్యి, ఎవడు స్పిన్ అన్నీ ఉన్నదున్నట్టు, ఒకడి బ్యాటింగ్ మార్కులు తగ్గించినారని వాడు అలిగి వారం రాలేదు. సెంటర్ మూసేటప్పుడు మీ మామ సిస్టమ్స్ అమ్మేముందు గేములన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించినాడు. అన్నిట్లో ఉండేది ఒకే గేము కదా అని, బాగా స్పీడుగా నడిచే సిస్టంలోది ఒక్కటే తీసుకున్నాడు. అది కూడా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండే ఫోల్డర్ మాత్రమే. జట్ల పేర్లుండే రోస్టర్ ఫైలు ఉండేది మై డాక్యుమెంట్స్‌లో. తర్వాత అన్నీ ఫార్మాట్ కొట్టించినాడు. శానా ఏండ్లకి ఆ పిల్లోళ్లలో ఒకడు పెండ్లి కార్డు ఇవ్వడానికి వచ్చి, అక్కా ఆ జట్టు ఉందా అన్నాడు. గేము ఓపెన్ అయింది, కామెంటరీ చెప్పే రిచీ బెనో గొంతు వచ్చింది, జెర్సీలు వచ్చినాయి, జట్టు లేదు. పర్లేదులే అక్కా అని టీ తాగి పోయినాడు. మీ మామ దగ్గర మాత్రం ఈ సంగతి ఎత్తద్దు, ఆయనకి ఇప్పటికీ బాధే.

అందుకే చెప్తాండా, పేరు ఒకటే ఉందని ఏ కాపీనీ కొట్టేయద్దు. చెక్‌సమ్, అంటే ఫైలు లోపల ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టే గుర్తు నంబరు, తీసి చూడు, తేడా ఉంటే రెండూ ఉంచు. సేవ్ ఫైళ్లు ఎక్కడ దాక్కుంటాయో ఒక్కో గేముకి వెతుకు. ఏ వెర్షన్ మీద చేసిన మార్పో రాసిపెట్టు, జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కి 2005లో హాట్ కాఫీ గొడవ (దాచిన అసభ్య సీను ఒక మార్పుతో బయటపడింది) అయినాక వచ్చిన డిస్కుల్లో మార్పులు పనిచేయకుండా కట్టడి చేసినారు కదా, మొదటి వెర్షన్ 1.0కి చేసినది దాంట్లో వేసి పాడైపోయిందనుకుంటావు. కాంట్రా, మారియో లాంటి వాటికి ఐపీఎస్ రకం ప్యాచ్ అయితే తప్పు రోమ్ (గేము ఫైలు) మీద వేసినా ఏమీ అనకుండా ఎక్కిపోతుంది, బీపీఎస్ రకంలో అయితే చెక్‌సమ్ లోపలే ఉంటుంది, తప్పు రోమ్ అయితే తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఇది నువ్వు తప్పకుండా వినాల. ఆ రోజుల్లో ఒకడు కాలేజీ ఆడపిల్ల ఫోటో తెచ్చి గేములో గోడల మీద అతికించినాడు, నేను చూసి వాడితోనే తీయించినా. అట్లాంటిది కనపడితే దాచద్దు. అది కూడా చరిత్రే అని నాతో వాదించద్దు, ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలుంటారు. గేము మొత్తం కూడా అందరికీ పెట్టద్దు, ప్యాచ్ వరకే పెట్టు. సీడీ షాపుల మీద రైడ్ అంటే వీధంతా షట్టర్లు దించడం చూసినదాన్ని, నీ పేరు స్టేషన్‌లో వినపడితే మీ అమ్మ తట్టుకోలేదు.

అటక మీద డీవీడీల పౌచ్ ఉంది, కొన్నిటికి పైపొర లేస్తాంది, కొరియర్లో పంపను. నువ్వే రా. హార్డ్ డిస్క్ పాత రకం ఐడీఈ కనెక్షన్‌ది, దానికి తగిన అడాప్టర్ బెంగళూరులోనే కొనుక్కో, దాంట్లోకి ఏమీ రాయకుండా చదువుకో. రాత్రి బస్సు ఎక్కద్దు, పగలు ట్రైనుకి రా. ఓళిగలు చేసి పెడతా.

మీ అత్త