టెస్ట్ నెగెటివ్ వచ్చింది, అయినా ఇది లైమేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే అండీ. మేం పిడుదు కుట్టడం వల్ల వచ్చే లైమ్ జబ్బు బాగా ఉండే ప్రాంతంలోనే ఉంటాం, ఇంటి వెనకంతా చెట్లు, పొడుగు గడ్డి. మా వారికి నడుం పక్కన అరచెయ్యంత మచ్చ వచ్చింది, దురద లేదు, నొప్పి లేదు, కానీ రోజురోజుకీ పెద్దదవుతోంది, దాంతోపాటు జ్వరం, ఒళ్ళు నొప్పులు, తల బరువు. పిడుదు కుట్టినట్టు ఆయనకి గుర్తే లేదు. క్లినిక్‌కి వెళ్తే మచ్చ ఎర్రగా లేదు, చుట్టూ వలయం కూడా లేదు, ఎక్కడో తగిలి కమిలినట్టుంది అన్నారు, నేను పట్టుబడితే లైమ్ టెస్ట్ రాశారు, అది నెగెటివ్ వచ్చింది. ఇంకేముంది, వైరల్ ఫీవర్ అయ్యుంటుంది రెస్ట్ తీసుకోండి అని పంపించేశారు. మచ్చ వచ్చి ఇంకా రెండు వారాలు కూడా కాలేదు. టెస్టులోనే లేదంటుంటే ఇంకా నీకెందుకు భయం అని మా వారు విసుక్కుంటున్నారు. నేను అనవసరంగా కంగారు పడుతున్నానా?

జవాబు: లేదమ్మా, మీ అనుమానం సరైనదే, ఆ మచ్చని వెంటనే ఇంకో డాక్టర్‌కి చూపించండి, ఈ పత్రిక మీ చేతికొచ్చేసరికి చూపించేసి ఉంటే మరీ మంచిది. ఈలోపు పగటి వెలుతురులో పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్యండి, మచ్చ అంచు వెంబడి పెన్నుతో గీత గీసి పెట్టండి, ఒకటి రెండు రోజుల్లో గీత దాటి పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది.

లైమ్ రక్త పరీక్ష చేసేది ఏంటంటే, బొరేలియా అనే ఆ సూక్ష్మజీవిని వెతకడం కాదు, దాని మీద మన శరీరం తయారుచేసిన యాంటీబాడీల్ని వెతకడం. ఆ యాంటీబాడీలు టెస్టుకి అందేంత తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చేమో పిడుదు కుట్టిన 3 నుంచి 30 రోజుల్లో వస్తుంది, చాలామందికి వారం అటూ ఇటూగా. అంటే మచ్చ కనపడే టైముకి యాంటీబాడీలు ఇంకా రెడీగా ఉండవు. అందుకే మచ్చ ఉన్న దశలో టెస్ట్ చేస్తే నిజంగా లైమ్ ఉన్నవాళ్ళలో కూడా సగం మందికి పైగా నెగెటివ్ వస్తుంది, ఇది ల్యాబ్ తప్పు కాదు, టెస్ట్ పద్ధతే అంత. అమెరికాలో నిపుణుల సంఘాలు 2020లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఇదే ఉంది, పిడుదులున్న ప్రాంతంలో ఉన్న మనిషికి ఇలాంటి పెరిగే మచ్చ ఉంటే టెస్ట్ చెయ్యక్కర్లేదు, కంటితో చూసి నిర్ధారించి మందు మొదలుపెట్టమనే. మీ వారికి నెగెటివ్ వచ్చింది అంటే నేను అడిగే మొదటి మాట ఒక్కటే, ఏ రోజున చేశారు అని. రెండు వారాల్లోపు వచ్చిన నెగెటివ్‌తో లైమ్ లేదని చెప్పడం కుదరదు.

ఇక మచ్చ ఎర్రగా లేదన్నారు కదా, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది, కాస్త వివరంగానే చెప్తాను. పుస్తకాల్లోనూ నెట్‌లోనూ కనపడే లైమ్ మచ్చ ఫోటోలు దాదాపు అన్నీ తెల్లటి చర్మం మీదవే, ఎర్రటి వలయం, మధ్యలో తెల్లగా, మళ్ళీ మధ్యలో ఎర్ర చుక్క. మన చామనఛాయ, నలుపు చర్మం మీద అదే మచ్చ ఊదా రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, దెబ్బకి కమిలినట్టో కనపడుతుంది. అందుకే నల్ల చర్మం ఉన్నవాళ్ళలో మొదటి దశలో పట్టుకోలేక, కీళ్ళకో నరాలకో పాకాక తెలుసుకోవడం ఎక్కువగా జరుగుతోంది. పైగా తెల్లవాళ్ళలో కూడా ఆ వలయం అందరికీ రాదు, అమెరికాలో చాలామందికి మచ్చ మొత్తం ఒకే రంగులో ఉంటుంది. చూడాల్సింది రంగు కాదు, 5 సెంటీమీటర్లు దాటిందా, రోజులు గడిచేకొద్దీ పెరుగుతోందా అన్నది. కుట్టిన వెంటనే వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే చిన్న దద్దురు ఇది కాదు. ఇక కుట్టినట్టు గుర్తు లేకపోవడం చాలా మామూలు, ఎక్కువగా అంటించేవి పిల్ల పిడుదులు, గసగసాల గింజంత ఉంటాయి, కుట్టినా నొప్పి తెలీదు.

కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు లైమ్ టెస్ట్ మళ్ళీ చెయ్యండి అని మొదలుపెట్టకండి. మచ్చ ఫలానా రోజు కనపడింది, అప్పుడింత ఇప్పుడింత, టెస్ట్ ఫలానా రోజు చేశారు, మా ఇంటి చుట్టూ పరిస్థితి ఇది, కాబట్టి ఇది మచ్చ చూసి తేల్చాల్సిన కేసు కాదా అని అడగండి. డాక్టర్ ఒప్పుకుంటే మందు మామూలుదే, పెద్దవాళ్ళకి డాక్సీసైక్లిన్ 10 రోజులు, పడనివాళ్ళకి అమోక్సిసిల్లిన్ లేదా సెఫురాక్సిమ్ 14 రోజులు. ఈ దశలో మందు పడితే చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది. మచ్చ చూసి ఆయనకీ ఖచ్చితంగా తేల్చడం కష్టమైతే, మొదటి టెస్ట్ తర్వాత 2, 3 వారాలకి మళ్ళీ రక్తం తీసి పోల్చి చూడటం పద్ధతి. కాకపోతే ఈలోపు యాంటీబయోటిక్ వాడేస్తే యాంటీబాడీలు సరిగ్గా తయారు కాకపోవచ్చు, అప్పుడు రెండోసారి నెగెటివ్ వచ్చినా లైమ్ కాదని అనలేం, ఈ మాట ఫైల్లో రాయించుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ మధ్యలో మొహం ఒక పక్కకి వాలినా, కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా లేక మరీ నెమ్మదిగా కొట్టుకున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్ళి లైమ్ అనుమానం ఉందని చెప్పండి, ఈసీజీ తియ్యమనండి. లైమ్ గుండె కొట్టుకునే కరెంటు దారిని అడ్డుకోగలదు, అది కొద్దిమందికే వస్తుంది కానీ వస్తే ఆలస్యం చేసే విషయం కాదు.

ప్రశ్న: సార్, మూడేళ్ళుగా విపరీతమైన అలసట, కీళ్ళ నొప్పులు, ఏదీ గుర్తుండదు, నిద్రపోయినా నిద్రపోయినట్టు ఉండదు. మచ్చ ఎప్పుడూ రాలేదు, పిడుదు కుట్టినట్టూ తెలీదు, కానీ పిడుదులున్న ప్రాంతంలో కొన్నాళ్ళు ఉన్నాను. లైమ్ టెస్ట్ వేరువేరు టైముల్లో చేయించాను, ప్రతిసారీ నెగెటివే. కానీ ఈ టెస్టులు లైమ్‌ని పట్టుకోలేవని చాలామంది చెప్తున్నారు, నా లక్షణాలు అచ్చం అవే. ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి పంపితే పాజిటివ్ వచ్చింది, ఒక క్లినిక్ వాళ్ళు నెలల తరబడి సెలైన్‌లో యాంటీబయోటిక్ ఎక్కించాలంటున్నారు. మా డాక్టర్ ఒప్పుకోవట్లేదు, ఇంట్లోవాళ్ళు నీ మనసులోనే ఉంది జబ్బు అంటున్నారు. లైమ్ అని రాసిచ్చే డాక్టర్‌ని ఎలా వెతుక్కోవాలి?

జవాబు: ముందు ఒక మాట, మీ అలసట, మీ నొప్పులు నిజం. టెస్ట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు మనసులో ఉందని అర్థం కాదు, ఆ మాట అన్నవాళ్ళకి ఈ జవాబు చూపించండి. కానీ మీరు అడిగినదానికి మాత్రం నేను మీకు నచ్చని జవాబే ఇవ్వాలి.

పై ఉత్తరంలో ఆవిడకి టెస్టుని నమ్మొద్దన్నాను, మీకు నమ్మమంటున్నాను, రెండూ ఒకే కారణంతోనే. యాంటీబాడీలకి టైము కావాలి. ఆవిడ భర్తకి ఆ టైము లేదు, మీకు మూడేళ్ళు దొరికింది. లైమ్ కీళ్ళకి పాకినవాళ్ళలో యాంటీబాడీలు దాదాపు అందరికీ ఉంటాయి, మామూలు టెస్టే వాళ్ళని పట్టుకుంటుంది. కాబట్టి ఇన్నేళ్ళ లక్షణాల తర్వాత, వేరువేరు టైముల్లో, సరైన పద్ధతిలో చేసిన టెస్టులు అన్నీ నెగెటివ్ అంటే ఈ లక్షణాలకి కారణం లైమ్ అయ్యే అవకాశం చాలా చాలా తక్కువ.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయేమో డాక్టర్‌తో కూర్చుని చూసుకోండి. మొదట్లోనే వేరే దేనికో యాంటీబయోటిక్ వాడారా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ముఖ్యంగా యాంటీబాడీలు తయారుచేసే కణాల్ని తీసేసే రిటుక్సిమాబ్ లాంటివి తీసుకున్నారా, యూరప్‌లో తిరిగి వచ్చి అమెరికా రకం బ్యాక్టీరియాకి మాత్రమే సరిపోయే టెస్ట్ చేయించుకున్నారా. యూరప్‌లో అఫ్జెలీ, గరీనీ అనే వేరే రకాలు కూడా ఉంటాయి, ఎక్కడెక్కడ తిరిగారో డాక్టర్‌కి చెప్తే దానికి తగ్గ టెస్ట్ రాస్తారు. మోకాలు వాచి నీరు చేరి ఉంటే ఆ నీరు తీసి క్రిమి డీఎన్ఏని వెతికే పీసీఆర్ టెస్ట్ చెయ్యొచ్చు, నరాల లక్షణాలు గట్టిగా ఉంటే వెన్ను నీటిలో యాంటీబాడీలు చూడొచ్చు. వీటిలో ఏదీ మీకు కాదంటే అదే టెస్ట్ ఇంకోసారి చేయించడం వల్ల ఒరిగేదేం లేదు.

ఆ ప్రైవేట్ ల్యాబ్ పాజిటివ్ సంగతి. అందరూ ఒప్పుకున్న పద్ధతిలో టెస్ట్ రెండు మెట్లుగా ఉంటుంది, మొదటిది ఎలీసా అనే యాంటీబాడీ పరీక్ష, అందులో పాజిటివ్ లేదా అటూ ఇటూగా వస్తేనే రెండోది వెస్టర్న్ బ్లాట్, అంటే యాంటీబాడీలు క్రిమిలో దేన్ని పట్టుకున్నాయో గీతలుగా చూపించే పరీక్ష (2019 నుంచి అమెరికాలో బ్లాట్ బదులు ఇంకో ఎలీసా చెయ్యడానికీ అనుమతి ఉంది). బ్లాట్‌లో కాస్త ఆలస్యంగా తయారయ్యే యాంటీబాడీ రకం ఐజీజీకి 10 గీతల్లో కనీసం 5, మొదట్లో తయారయ్యే రకం ఐజీఎంకి 3 గీతల్లో కనీసం 2 ఉండాలి, అదీ ఐజీఎంని జబ్బు మొదలైన మొదటి 30 రోజుల్లోనే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే అది తప్పుడు పాజిటివ్‌లు బాగా ఇస్తుంది. కొన్ని ల్యాబులు ఈ లెక్క వదిలేసి సొంత లెక్క పెట్టుకుంటాయి, ఒకటి రెండు గీతలు కనపడ్డా పాజిటివ్ అని రాసేస్తాయి, 41 నంబర్ గీత అయితే లైమ్ ఎరగని ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి కనపడుతుంది. మూత్రంలో లైమ్ చూసే టెస్ట్, సీడీ57 అనే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క, ఇవి కూడా లైమ్ ఉందని తేల్చగలవని రుజువు కాలేదు. మీ రిపోర్ట్ తీసి ఏ టెస్ట్, ఏ గీతలు, ఐజీఎమ్మా ఐజీజీనా అన్నది ఇన్ఫెక్షన్ జబ్బుల స్పెషలిస్ట్‌తో చదివించండి.

నెలల తరబడి సెలైన్ యాంటీబయోటిక్స్‌కి మాత్రం దయచేసి ఒప్పుకోవద్దు. లైమ్ వచ్చిందనడానికి ఆధారాలుండి, లక్షణాలు మిగిలిపోయినవాళ్ళ మీద ఈ ప్రయోగాలు చేసి చూశారు. అమెరికాలో 2001లో వచ్చిన ప్రయోగంలో నెల రోజులు సెలైన్‌లో, తర్వాత రెండు నెలలు మాత్రలతో ఇచ్చారు, నెదర్లాండ్స్‌లో 2016లో వచ్చిన దాంట్లో 12 వారాల మాత్రలు ఇచ్చారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకంటే అసలు మందు వాడినవాళ్ళు ఏమీ మెరుగ్గా లేరు. లైమ్ ఉన్నవాళ్ళకే పనికిరానిది లైమ్ ఉందో లేదో తెలీని మీకెలా పనికొస్తుంది చెప్పండి. నష్టాలు మాత్రం ఖాయంగా ఉన్నాయి, నరంలో పెట్టిన గొట్టం నుంచి రక్తంలోకి ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, పేగుల్లో సీ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి వచ్చే విరేచనాలు, ఇలాంటి చికిత్సల్లో ప్రాణాలు పోయిన కేసులు కూడా రికార్డుల్లో ఉన్నాయి.

మరి ఏం చెయ్యాలి? లైమ్ అని రాసిచ్చే డాక్టర్‌ని కాదు, లైమ్ కాకపోతే ఇంకేంటి అని వెతికే డాక్టర్‌ని పట్టుకోండి. మీ డాక్టర్ మీద నాకున్న ఫిర్యాదు కూడా అదే, లైమ్ కాదని చెప్పడం కరెక్టే కానీ అక్కడితో ఆగిపోవడం కరెక్ట్ కాదు. థైరాయిడ్, రక్తహీనత, బీ12, షుగర్ చూశారా, కీళ్ళవాతం, లూపస్ (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు), సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని పేగు జబ్బు) కోసం చూశారా. నిద్రపోయినా నిద్రపోయినట్టు లేదంటున్నారు, గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా కోసం స్లీప్ స్టడీ జరిగిందా. కొంచెం ఎక్కువ పని చేసిన మర్నాడు లేవలేనంతగా పడిపోతారా, అలా అయితే ఎంఈ సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాల అలసట జబ్బు గురించి ఆలోచించాలి, అది ఏదైనా వైరస్ తర్వాత కూడా మొదలవ్వొచ్చు, కోవిడ్ తర్వాత మిగిలిపోయే అలసటా ఇలాగే ఉంటుంది. పిడుదుల ప్రాంతంలో ఉన్నారు కాబట్టి బబీసియా లాంటి వేరే పిడుదు జబ్బులు అడగొచ్చు, కాకపోతే అవి చాలావరకు జ్వరంతో, కొన్ని వారాల్లోనే బయటపడతాయి.

లైమ్ అనే జబ్బు ప్రపంచానికి ఎలా తెలిసిందో మీకు చెప్పాలనుంది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊళ్ళో పాలీ మరే అనే తల్లి, ఆవిడకీ పిల్లలకీ ఏళ్ళ తరబడి కీళ్ళ వాపులు, మచ్చలు, జ్వరాలు, డాక్టర్లు ఆవిడ మాటని లెక్క చెయ్యలేదు. ఆవిడ ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో రాసి పెట్టుకుంది, చుట్టుపక్కల అలాంటి పిల్లలు ఎవరెవరున్నారో రాసుకుంది, 1975లో ఆ వివరాలతో అధికారుల దగ్గరికి వెళ్తే, యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టర్ వచ్చి నిజంగా విని లెక్కలు తీశారు. ఆ సూక్ష్మజీవిని విల్లీ బర్గ్‌డార్ఫర్ కనిపెట్టింది 1981లో. అంటే ఆవిడ వెళ్ళేనాటికి ఆ జబ్బుకి పేరే లేదు, ఆవిడ అడిగింది పేరు కాదు, వెతకమని. మీరూ ఒక్క పేజీలో రాసుకు వెళ్ళండి, ఏ లక్షణం ఎప్పుడు మొదలైంది, దేనివల్ల పెరుగుతోంది, ఏ పని చెయ్యలేకపోతున్నారు, ఏ టెస్టులు ఏ తేదీన అయ్యాయి. పేజీ దాటనివ్వకండి, మీకిచ్చే ఆ కాసేపట్లో డాక్టర్ చదవాలి కదా. ఆయన కొట్టిపారేస్తే మారండి, మారడం మీ హక్కు.

ప్రశ్న: ఈరోజు పొద్దున మా బాబు కాలికి పిడుదు కనపడితే తీసేశాం. వెంటనే లైమ్ టెస్ట్ చేయించమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడు చేస్తే నెగెటివే వస్తుంది, దాన్ని చూసి మీరు నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది. పిడుదుని ఫోటో తీసి ఉంచండి, ఎంతసేపు పట్టుకుని ఉండొచ్చో గుర్తు చేసుకోండి, రక్తం తాగి ఉబ్బిందా లేదా అన్నది ముఖ్యం, మామూలుగా లైమ్ అంటుకోవాలంటే ఒక రోజు పైగా పట్టుకుని ఉండాలి. లైమ్ ఉండే ప్రాంతం, లైమ్ మోసే రకం పిడుదు, 36 గంటలు పైగా పట్టుకుంది అనుకుంటే, తీసిన 72 గంటల్లోపు ఒకే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉంది, పిల్లలకి బరువుని బట్టి ఇస్తారు, ఈరోజే పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. పిడుదుని ల్యాబ్‌కి పంపి టెస్ట్ చేయించడం మాత్రం దండగ, దాంట్లో క్రిమి ఉన్నా బాబుకి అంటినట్టు కాదు, లేకపోయినా ఇంకో పిడుదు కుట్టలేదని కాదు. నెల రోజుల పాటు స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా చూడండి, మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, జుట్టులో. మచ్చ గానీ జ్వరం గానీ వస్తే పిడుదు తీసిన తేదీ చెప్పి డాక్టర్‌కి చూపించండి.