కౌంటర్ మీద టరాంటులా: ఏ జాతి?

ప్రశ్న: మిర్యాలగూడలో ఫొటో స్టూడియో ఉంది. కౌంటర్ మీద అడుగు సైజు గాజుతొట్టిలో టరాంటులాను, అంటే ఒంటినిండా నూగుండే పెద్ద సాలీడును, పెట్టాలనుకుంటున్నా. వచ్చినోళ్లకు కనపడాలె. గుత్తి నీలం రకం, మెక్సికన్ రెడ్ నీ, గ్రీన్ బాటిల్ బ్లూ, వీటిలో ఏది తీసుకోవాలె? మా ఎండలకు ఆగుతదా?

జవాబు: గ్రీన్ బాటిల్ బ్లూ తీసుకోండి. వెనిజులాలోని పరగ్వానా ద్వీపకల్పపు పొడి నేలల జీవి. పుల్లల మధ్య దట్టంగా గూడు అల్లుకుని, ఎక్కువగా దాని మీదే కూర్చుంటుంది. నీలి కాళ్లు, నారింజ పొట్ట దూరానికే కనిపిస్తాయి. రెడ్ నీ కూడా బయటే ఉంటుంది గానీ చాలా నిదానంగా పెరుగుతుంది, నెలల తరబడి తినకుండా ఉండిపోతుంది. పైగా అది సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కనుక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. గుత్తి రకం మాట మరిచిపోండి. చెట్టు తొర్రల్లో దాక్కునే జాతి, కదిలితే మెరుపే. కరిస్తే కండరాలు పట్టేస్తాయి.

ఆడదాన్నే కొనండి, పదేళ్లు దాటి బతుకుతుంది. మగది ఎదిగాక ఎక్కువ కాలం ఉండదు.

తొట్టిలో 12 సెంటీమీటర్ల మందాన పొడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నొక్కి పరచండి, బెరడు ముక్క, నాలుగు పుల్లలు, చిన్న నీళ్ల గిన్నె చాలు. నేలకూ మూతకూ మధ్య ఎత్తు మరీ ఎక్కువైతే, పడ్డప్పుడు పొట్ట పగిలి చస్తుంది. మూతకు ఇనుప జాలీ వద్దు, గోళ్లు ఇరుక్కుంటాయి. రంధ్రాలు పెట్టిన యాక్రిలిక్ షీటు వేసి తాళం బిగించండి. బెదిరితే పొట్టమీది నూగు విసురుతుంది, కళ్లలో పడితే ఆస్పత్రి పాలే. మూత తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

అసలు చిక్కు మే నెలలోనే. షట్టర్ దించిన రేకుల షాపులో తొట్టి ఉడికిపోతుంది. 32 డిగ్రీలు దాటనివ్వకండి, రాత్రి ఇంటికి తీసుకెళ్లండి. కూలర్ గాలి సూటిగా తగలకూడదు. స్టూడియో లైట్లు పడేచోట అసలే పెట్టొద్దు. దోమల లిక్విడ్, కాయిల్ కూడా దీనికి విషమే.

వారం పది రోజులకు మేత కోసం పెంచిన కీచురాయి పురుగును ఒకటి వేయండి. తినకపోతే మర్నాడే తీసేయండి. కుబుసం విడిచేటప్పుడు సాలీడు మెత్తబడి ఉంటుంది, ఆ కీచురాయే దాన్ని కొరుకుతుంది. అప్పుడు సాలీడు వెల్లకిలా పడుకుంటే చచ్చిందనుకుని కదిలించకండి.

ప్రశ్న: అచ్చంపేట అడవిలో దొరికిన పెద్ద సాలీడును పెంచుకోవచ్చా?

జవాబు: వద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి ఏ జీవిని పట్టుకొచ్చినా నేరమే. చెట్ల మీద ఉండే మన టరాంటులాల ప్రజాతి మొత్తం 2019 నుంచి సైటిస్ జాబితాలో ఉంది.