పీఎస్ఎం (ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్) చదువుతున్న అమ్మలుకి బాబాయి ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పీఎస్ఎం చివరి పది రోజుల్లో బట్టీ కొట్టేస్తాలే బాబాయ్" అన్నావు కదా, పక్కన మీ పిన్ని ఉందని ఏమీ అనలేదు గానీ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది, ఎందుకంటే ఎంబీబీఎస్ అయ్యాక నేనూ సరిగ్గా అదే మాట అన్నాను, పీజీ ఎంట్రన్స్ మొదటిసారి రాసినప్పుడు సీటు పోగొట్టుకున్నాను. తర్వాత అదే సబ్జెక్టులో ఎండీ చేసి అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నా, అది వేరే కామెడీ.

నీట్ పీజీలో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది, తెలుసుగా. పీఎస్ఎంలో ఆ మార్కు పోగొట్టుకునేవాళ్ళలో ఫార్ములా రానివాళ్ళ కన్నా వచ్చినవాళ్ళే ఎక్కువ, నేను చూసినంతలో. భిన్నంలో గీత పైన ఏముందో అందరూ చెప్తారు, కింద ఎవరున్నారో చూడరు. ఏ రేటు కనపడినా ముందు గీత కింద వేలు పెట్టి వీళ్ళెవరు అని అడుగు, మిగతాది తర్వాత.

నా వైవా సంగతి చెప్తా. ఎంఎంఆర్‌లో (మెటర్నల్ మోర్టాలిటీ రేషియో, అంటే తల్లుల మరణాల లెక్క) కింద ఎవరమ్మా అని ఎక్స్‌టర్నల్ అడిగితే "గర్భిణులు సార్" అన్నాను ధీమాగా. ఆయన నవ్వి ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోయారు, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే. కింద ఉండేది లైవ్ బర్త్స్, అంటే ప్రాణంతో పుట్టిన బిడ్డలు, లక్షకి లెక్క. ఇప్పుడు ఆలోచించు, బిడ్డ కడుపులోనే చనిపోయి తల్లి కూడా పోయిందనుకో, ఆ తల్లి పైన లెక్కలోకి వస్తుంది, ఆ బిడ్డ కింద లెక్కలోకి రాడు. పైనున్నవాళ్ళు కిందున్నవాళ్ళలోంచి వచ్చినవాళ్ళు కాదు కాబట్టే దాన్ని రేటు అనకుండా రేషియో అంటారు. మెటర్నల్ మోర్టాలిటీ రేట్ అని ఇంకోటి ఉంది, దాంట్లో కింద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే పెడతారు, కావాలనే.

ఇక మన బుజ్జిగాడి పెళ్లి గుర్తుందా, మర్నాడు సగం చుట్టాలు బాత్రూమ్ దగ్గర క్యూ కట్టారు. అంకెలు నేను గుండ్రంగా వేస్తున్నా. 200 మంది తిన్నారు, పనీర్ కూర తిన్నవాళ్ళు 120, వాళ్ళలో 60 మందికి విరేచనాలు, అంటే 50 శాతం. తినని 80 మందిలో 8 మందికే, 10 శాతం. ఇదే అటాక్ రేటు. 50ని 10తో భాగిస్తే రిలేటివ్ రిస్క్ 5, అంటే తిన్నవాళ్ళకి ముప్పు ఐదు రెట్లు. 50లోంచి 10 తీసేసి 50తో భాగిస్తే 80 శాతం, పనీర్ తినకుండా ఉంటే తిన్నవాళ్ళలో ఇంత జబ్బు తప్పేది, అదే అట్రిబ్యూటబుల్ రిస్క్. ఆ రోజు మీ అత్తయ్య మాత్రం ఐస్‌క్రీమ్ వల్లే అని గొడవ చేసింది, ఐస్‌క్రీమ్ తిన్నవాళ్ళకీ ఎక్కువే వచ్చాయి మరి. కానీ పనీర్ బ్యాచ్ అంతా ఐస్‌క్రీమ్ కౌంటర్ మీద కూడా పడ్డారు, పనీర్ ముట్టనివాళ్ళని విడిగా తీసి చూస్తే ఐస్‌క్రీమ్ తిన్నా తినకపోయినా తేడా లేదు. కన్ఫౌండింగ్ అంటే అదే, విడగొట్టి చూడ్డమే స్ట్రాటిఫికేషన్.

అదే నువ్వు హాస్పిటల్లో చేరిన 50 మందిని, బాగున్న 50 మందిని పట్టుకుని పనీర్ తిన్నారా అని అడిగావనుకో, అది కేస్ కంట్రోల్. ఆ 50, 50 నువ్వు ఏరుకున్న అంకెలు, కింద మొత్తం ఎంతమందో నీకు తెలీదు, అందుకే ఇన్సిడెన్స్ (కొత్తగా ఎంతమందికి జబ్బు వచ్చిందన్న లెక్క) రాదు, రిలేటివ్ రిస్క్ నేరుగా రాదు, ఆడ్స్ రేషియోతో (రెండు గుంపుల్లోనూ తిన్నవాళ్ళని తిననివాళ్ళతో భాగించి పోల్చడం) సరిపెట్టుకోవాలి. లండన్లో డోల్, హిల్ సిగరెట్టుకీ లంగ్ క్యాన్సర్‌కీ లంకె 1950లో కేస్ కంట్రోల్‌తోనే చూపించి, 1951లో డాక్టర్లనే కోహార్ట్‌గా, అంటే ముందే పట్టుకుని వెంట చూసే గుంపుగా తీసుకుని ఏళ్ళ తరబడి ఫాలో అయ్యారు. కింద ఎంతమంది ఉన్నారో తెలిసేది ఆ రెండోదాంట్లోనే.

స్క్రీనింగ్ లెక్క ఒక్కసారి నీ చేత్తో వెయ్యి, జన్మలో మర్చిపోవు. 10,000 మంది, జబ్బు 1 శాతం, సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్ళని పట్టేది) 90 శాతం, స్పెసిఫిసిటీ (లేనివాళ్ళని లేదని చెప్పేది) 95 శాతం. జబ్బున్న 100 మందిలో 90 పాజిటివ్, లేని 9,900లో 495 పాజిటివ్. పాజిటివ్ వచ్చిన 585లో నిజంగా జబ్బున్నది 90, అంటే 15 శాతమే! అదే టెస్టు జబ్బు 20 శాతం ఉన్న క్లినిక్‌లో చేస్తే 2,200 పాజిటివ్‌ల్లో 1,800 నిజం, 82 శాతం దాకా. టెస్టు మారలేదు, కిందున్న జనం మారారు. సెన్సిటివిటీకి కింద జబ్బున్నవాళ్ళు, పీపీవీకి (పాజిటివ్‌ల్లో నిజంగా జబ్బున్నవాళ్ళ శాతం, ఇందాకటి 15, 82) కింద పాజిటివ్ వచ్చినవాళ్ళు, ఈ రెండూ కలిపేసుకునే నేను రెండు ప్రశ్నలు పోగొట్టుకున్నా.

ప్రివలెన్స్ (ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ళందరి లెక్క) పెరిగితే జబ్బు ఎక్కువైందని కంగారుపడకు, హెచ్ఐవీకి మందులొచ్చాక మనుషులు బతుకుతున్నారు, లెక్కలో ఎక్కువ కాలం ఉంటున్నారు, అంతే.

సబ్ సెంటర్‌కి 5,000 జనాభా (కొండ ప్రాంతాల్లో 3,000), పీహెచ్‌సీకి, అంటే ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి 30,000 (అక్కడ 20,000), ఇలాంటివి మాత్రం బట్టీయే, వేరే దారి లేదు, వాటికి నీ చివరి పది రోజులు వాడుకో. కోల్డ్ చైన్ (టీకాలని చల్లగా దాచే ఏర్పాటు) మాత్రం పుస్తకంలో చదవొద్దు, ఒక పూట మీ దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్ళి ఏఎన్ఎం (నర్సు) గారిని బతిమాలి ఐఎల్ఆర్ (టీకాల ఫ్రిజ్) తెరిపించుకుని చూడు, పెంటావాలెంట్ టీకా ఎందుకు బుట్టలో పైన ఉందో, అడుక్కి ఎందుకు పెట్టరో ఆవిడ నాకన్నా బాగా చెప్తుంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. ఐస్‌క్రీమ్‌కి టూ బై టూ టేబుల్ (తిన్నారా లేదా, జబ్బు వచ్చిందా లేదా అన్న నాలుగు గళ్ళ పట్టిక) పనీర్ తిన్నవాళ్ళకి ఒకటి, తిననివాళ్ళకి ఒకటి, అంకెలు నువ్వే వేసుకుని రెడీగా ఉంచు. మీ అత్తయ్యకి చూపించకు, ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

బాబాయి