కొత్తగా వార్డు మెంబరైన మేనకోడలికి

చి. సౌ. అమ్మలుకు అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు గెలిచావన్న కబురు విన్నరోజు ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. వచ్చే గ్రామసభలో మీ వాడ సంగతులన్నీ ఒక్కసారే లేవనెత్తుతానని ఫోన్‌లో అన్నావు. నీ ఉత్సాహం చూసి సంతోషమేసింది, కొంచెం దిగులూ వేసింది. ఇక్కడ నేను మెంబరుగా చేసినన్నాళ్లలో తెలుసుకున్న నాలుగు మాటలు నీకు చెప్పాలనిపించింది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతాయి కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. నీ వాడ బాధ సభలో వినిపిస్తే సరిపోదు, తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. గొంతెత్తి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న మెంబర్లను చాలామందిని చూశాను. ఏడాది తిరిగాక చూస్తే వాళ్లు చెప్పిన మురుగు మోరీ అలాగే ఉండేది. పుస్తకం తెరిస్తే ‘పారిశుద్ధ్యం గురించి చర్చించడమైనది’ అని ఒక్క వాక్యం కనిపించేది. ఆ వాక్యం ఎవరి మీదా ఏ పనీ పెట్టదు. దాన్ని పట్టుకుని నువ్వు రేపు ఎవరినీ అడగలేవు.

అందుకే తీర్మానం ఎలా ఉండాలో సభకు వెళ్లకముందే నువ్వే రాసుకో. ‘అంగన్‌వాడీ మూల నుంచి వాగు కల్వర్టు వరకు మోరీలో పూడిక తీయించాలి, మధ్యలో నీటికి అడ్డం పడుతున్న బండలు తొలగించాలి, పని ఎంతవరకు వచ్చిందో కార్యదర్శి వచ్చే గ్రామసభలో చెప్పాలి’ అని. ఎక్కడ, ఏం పని, ఎవరు, ఎప్పటికి అన్న నాలుగూ అందులో ఉండాలి. డబ్బుతో కూడిన పనైతే ఏ నిధుల నుంచి అన్నది కూడా. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు ఉండేది. ఇలాంటి షరతులు తెలిసి ఉంటే ‘పైసలు లేవు’ అన్న జవాబు వచ్చినప్పుడు నువ్వు ఊరికే కూర్చోవు. ఇప్పుడు ఏ పద్దులో ఏముందో కార్యదర్శిని సభకు ముందే అడిగి రాసుకో. పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. నీకు ఫోను చేతిలోనే ఉంటుంది కదా, నాలాగా ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు.

గ్రామసభకూ పంచాయతీ సమావేశానికీ తేడా కూడా మనసులో పెట్టుకో. నెలనెలా జరిగేది మీ మెంబర్ల సమావేశం. గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక దానికి రాజ్యాంగంలోనే చోటు దొరికింది. మన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018లో వచ్చింది, రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ పెట్టాలంటుంది. అంటే అన్నీ ఒక్కసారే లేవనెత్తాల్సిన తొందర నీకు లేదు. ఒక్కో సభకు రెండు సంగతులు తీసుకెళ్లు, చాలు. పది చెబితే పదీ ‘చర్చించడమైనది’లో కలిసిపోతాయి.

ఇక సభకు ముందు చేయాల్సిన పని. వాడంతా నడువు. ఒకసారి పొద్దున నీళ్లొచ్చే వేళ, ఒకసారి చీకటి పడ్డాక, ఒకసారి వాన పడుతుండగా. వాన పడుతున్నప్పుడు నడిస్తే తెలిసేది ఎవరూ చెప్పలేరు. మోరీ నిండి ఇంట్లోకి నీళ్లొస్తున్నాయని ఒకామె ఏడుస్తుంది. అందరూ కలిసి ఆమె ఇంటి ముందు కొత్త మోరీ కట్టించమంటారు. నువ్వు నీళ్ల వెంట కిందిదాకా నడిచి వెళ్లి చూస్తే, అసలు అడ్డం నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఒకరు బండి ఎక్కించుకోవడానికి మోరీ మీద ర్యాంపు పోసి ఉంటారు, దాని కింద ప్లాస్టిక్ సంచులు ఇరుక్కుని ఉంటాయి. లేదా సీసీ రోడ్డు వేసినప్పుడు రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లు పల్లంలో పడి ఉంటాయి. లేదా మోరీ చివర ఎందులోనూ కలవకుండా ఎవరి ఖాళీ జాగాలోనో ఆగిపోయి ఉంటుంది. చివర దారి లేని మోరీని ఎంత బాగా కట్టినా అది పొడుగాటి మురుగు గుంటే అవుతుంది. మోరీ సంగతి ఎప్పుడు వచ్చినా చివరి నుంచి మొదలుపెట్టు. నీళ్లు ఎక్కడికి పోవాలో తేలాకే ఎక్కడ కట్టాలో మాట్లాడనివ్వు.

ఆ ర్యాంపు పోసినవాళ్లు బహుశా మన బంధువులో, నీకు ఓటేసినవాళ్లో అయి ఉంటారు. వాళ్ల పేరు సభలో ఎత్తకు. నలుగురిలో పేరు ఎత్తావంటే ఆ బండ ఇక ఎప్పటికీ లేవదు, పరువు సమస్య అయిపోతుంది. ముందురోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కూర్చో. బండి ఎక్కాలి కదా, వాళ్ల అవసరమూ నిజమే. ఒకే దిమ్మగా పోసింది తీసేసి, ఎత్తడానికి వీలుగా విడి పలకలు వేసుకుంటే వాళ్ల పనీ జరుగుతుంది, సఫాయి కార్మికుడు పలక ఎత్తి పూడికా తీయగలడు. ఇంటికి వెళ్లి అడిగితే పదింట ఎనిమిది మంది ఒప్పుకుంటారని నా నమ్మకం. ఒప్పుకోనివాళ్ల కోసం తీర్మానంలో ‘అడ్డుగా ఉన్న బండలన్నీ’ అని రాయించు. అందరికీ ఒకటే మాట వర్తించినప్పుడు కక్ష కట్టావని ఎవరూ అనలేరు.

మోరీ దగ్గరే ఇంకో సంగతి. డెంగీ వచ్చిందంటే జనం మోరీ మీద పడతారు. మురుగు తీయడం మంచిదే. కానీ డెంగీ దోమ పెరిగేది ఎక్కువగా నిలవున్న మంచినీటిలో. డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు, పెరట్లో పడేసిన కొబ్బరి చిప్పలు దాని ఇళ్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం డ్రై డే అని, నీళ్లు పారబోసి తొట్లు తుడవమంటారు. ఒక్క ఇల్లు మానేసినా పక్కిళ్లకు దోమ వస్తుంది. ఈ పని తీర్మానంతో కాదు, మహిళా సంఘాలతో జరుగుతుంది.

సంఘం అన్నాను కదా, అసలు అక్కడికి నువ్వు తప్పకుండా వెళ్లాలి. గ్రామసభకు రానివాళ్ల మాటే నాకెప్పుడూ ఎక్కువ పనికొచ్చింది. నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి సభ పెడితే ఆడవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? వచ్చినవాళ్లూ వెనకాల నిలబడి వింటారు, మాట్లాడరు. చోటు సంగతీ చూడు. ఊరి పెద్దల వాకిట్లోనో, కొందరు అడుగుపెట్టడానికి ఇప్పటికీ జంకే చోటనో సభ పెడితే దళితవాడ మాట వినపడదు. బడిలో పెట్టమని అడుగు, సాయంత్రం పెట్టమని అడుగు. ఒకరోజు ముందే అన్ని వాడల్లో చాటింపు వేయించమని అడుగు. వృద్ధులూ, వికలాంగులూ ఇల్లు కదల్లేరు, నువ్వే వెళ్లి కనుక్కోవాలి. ఎవరు ఏం చెప్పారో ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకో. సభలో ‘మా వాడలో అందరూ అంటున్నారు’ అనే మాటకు విలువ లేదు. ‘ఈ గల్లీలో ఇన్ని ఇళ్లకు నీళ్లు రావడం లేదు, ఇదిగో పేర్లు’ అంటే కార్యదర్శి కలం తీస్తాడు.

నీళ్ల గురించి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. గల్లీ చివరి ఇళ్లకు నల్లా సన్నగా వస్తుంది, ముందు ఇళ్లవాళ్లు మోటార్లు బిగిస్తారు. దీన్ని జనం వాటా తగాదాలా చూస్తారు. అది ఆరోగ్యానికి సంబంధించినది. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ పగులు ఉంటే అక్కడ నుంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. పైపు మోరీలోంచి పోతుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. వానాకాలంలో ఒకే గల్లీలో నలుగురైదుగురికి వాంతులు, విరేచనాలు అయ్యాయంటే నువ్వు మొదట వెతకాల్సింది ఆ పగులునే. నీళ్ల పనివాణ్ణి వెంటబెట్టుకుని మోరీలోంచి పోయే పైపులన్నీ చూసి లెక్క రాయించు. క్లోరిన్ పరీక్ష కూడా నీ ముందే చేయించు. ట్యాంకు దగ్గర కాదు, గల్లీ చివరి నల్లా దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కల మందు వేస్తే రంగు తిరుగుతుంది, ఆ రంగును బట్టి చెప్పేయొచ్చు. నాలుగు నిమిషాల పని.

వీధి దీపాలకు పెద్దగా చెప్పేదేమీ లేదు. పగలూ వెలుగుతున్నాయంటే దీపాలకంటూ విడి తీగా (థర్డ్ వైరు), స్విచ్చూ లేవన్నమాట, స్తంభాల నంబర్లతో సహా రాసివ్వు.

కుక్కల సంగతి వచ్చినప్పుడు నువ్వు గట్టిగా నిలబడాలి. పిల్లవాణ్ణి కుక్క కరిచిందంటే తల్లి కడుపు మంట మనకు తెలియనిది కాదు. ఆ కోపంలో సభ మొత్తం ‘మందు పెట్టించండి’ అంటుంది. ఆ మాటకు ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టకు. జంతువులపై క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960 నుంచీ ఉంది. వీధికుక్కల కోసం 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటే వదలాలి. చంపమని రాసిన తీర్మానం చట్టం ముందు నేరానికి సాక్ష్యం అవుతుంది. పైగా ఉన్నవాటిని చంపితే తిండి ఉన్న చోటికి కొత్త కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. కాబట్టి తీర్మానాన్ని ఇలా మళ్లించు: పశుసంవర్ధక శాఖకు ఆపరేషన్లు, టీకాల కోసం లేఖ రాయాలి. మాంసం దుకాణాల వ్యర్థాలు వీధి మూలన పడకుండా చూడాలి. కుక్క కరిస్తే ఏం చేయాలో చాటింపు వేయించాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి. కారం, పసరు పెట్టుకుని ఇంట్లో కూర్చోకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఈ చాటింపు ఒక్కటే ఒక ప్రాణం నిలపగలదు. దీనికి పైసా ఖర్చు లేదు, నిధులు రావాలని ఎదురుచూడాల్సిన పని లేదు.

సభలో నువ్వెలా ఉండాలో చెబుతాను. లేచి, ముందు పేరు, వార్డు చెప్పి, రాసుకున్న తీర్మానం చదువు. ఎవరైనా పాత కక్ష తవ్వితే జవాబివ్వకు. ‘ఇది రాస్తారా, రాయరా’ అని అడుగు. సర్పంచి మీద అరవకు. పది వార్డుల మధ్య ఉన్న నిధులు పంచాల్సిన మనిషి ఆయన, ఆ కష్టం కష్టమే. పక్క వార్డు మెంబరు తెచ్చిన న్యాయమైన పనికి నువ్వు మద్దతివ్వు, నీ మోరీ వచ్చినప్పుడు ఆమె నీ పక్కన ఉంటుంది. ఇంకో మాట, ఇది కొంచెం నొప్పిగా ఉండొచ్చు. మీ ఆయన నీ బదులు మాట్లాడతానని, సంతకం చేయిస్తానని అనొచ్చు, ప్రేమతోనే అనొచ్చు. ఒద్దని చెప్పు. ఓటేసింది నీకు. కుర్చీలో కూర్చోవాల్సింది నువ్వు.

సంతకం దగ్గర మరీ జాగ్రత్త. తర్వాత రాసుకుంటామని ఖాళీ పేజీ మీద మెంబర్ల సంతకాలు తీసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. తీర్మానాలు అక్కడికక్కడే రాసి, జనం వింటుండగా పైకి చదివాకే పెట్టు. ఆ రోజుకు నువ్వు చెడ్డదానివవుతావు, ఫర్వాలేదు. చదివిన వెంటనే ఆ పేజీ ఫొటో తీసుకో.

ఆ తర్వాత పని కదలకపోతే నెలకోసారి నోటితో, ఒకసారి కాగితం మీద అడుగు. కాగితం ఇచ్చినప్పుడల్లా దాని నకలు మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకో. అప్పటికీ జవాబు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘పని ఎందుకు చేయలేదు’ అని అడగకు, దానికి తప్పించుకునే జవాబులు వస్తాయి. ‘ఫలానా తేదీ తీర్మానం మీద తీసుకున్న చర్యల కాగితాల నకళ్లు ఇవ్వండి’ అని అడుగు. కానీ దీన్ని మొదటే బయటకు తీయకు. కార్యదర్శి నెత్తిన ఎన్ని రిజిస్టర్లూ యాప్‌లూ ఉన్నాయో ఆయన పక్కన ఒక పూట కూర్చుంటే నీకే తెలుస్తుంది. చేయగలిగీ చేయనివాళ్లకు, చేయలేక చేయనివాళ్లకు ఒకే మందు వేయకు.

పని అయిపోతే మాత్రం అది కూడా పుస్తకంలో రాయించు. మోరీ శుభ్రం చేసిన కార్మికుల పేర్లు సభలో చదువు. వాళ్లకు ఎవరూ చప్పట్లు కొట్టరు.

గ్రామసభ తేదీ తేలగానే నాకు చెప్పు. నీ రెండు తీర్మానాలూ నీ చేతిరాతలోనే రాసి ఫొటో పంపు, చదివి సాయంత్రంలోగా ఫోన్ చేస్తాను. అంతలోపు ఒక వాన పడితే గొడుగేసుకుని కల్వర్టు దాకా వెళ్లి రా.

ఇట్లు,
మీ అత్తయ్య