మేకు కొట్టనివ్వని అమ్మాయి

బెంగళూరు,
ఆదివారం

అమ్మాయ్,

‘మేడమ్’ అని రాశావు. పెద్దమ్మా అను, చాలు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్ వెళ్తూ చదివాను. ఇందిరానగర్ దాకా బాగానే చదివించావు. కేఆర్ పురం వచ్చేసరికి కాగితాలు ఒళ్లో పెట్టుకుని వాట్సాప్ చూసుకుంటున్నాను. నీ భాషకేం, చక్కగా ఉంది. మారతహళ్లి పీజీ హాస్టల్, ఆంధ్రా మెస్‌లో గోంగూర కోసం రెండోసారి చెయ్యి చాచే కుర్రాళ్లు, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ నీ హీరో, హీరోయిన్ ఒకటవడానికి అడ్డేమిటో నాకు అర్థం కాలేదు. నీకూ తెలిసినట్టు లేదు. అందుకే మూడో అధ్యాయం చివర బైక్ యాక్సిడెంట్ పెట్టావు.

బాధపడకు, ఆ పని నేనూ చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో నా మొదటి సీరియల్ వస్తుండేది. హీరోయిన్ ఎందుకు వద్దంటోందో తెలియకుండానే తొమ్మిది వారాలు లాక్కొచ్చాను. పదో వారం హీరోకి టైఫాయిడ్ తెప్పించాను. ఒకావిడ కార్డు రాసింది: ‘జ్వరం తగ్గింది సరే, ఆ పిల్ల ఎందుకు కాదందో ఎప్పుడు చెప్తారు?’ జవాబు రాయలేదు. నా దగ్గర ఉంటే కదా.

నీ పాత్రల నోట్స్ కూడా చూశాను. పద్నాలుగు పేజీలు! రాశి, ఎత్తు, ఇష్టమైన రంగు, ఇష్టమైన ఐస్‌క్రీమ్. పెళ్లిళ్ల పేరయ్యకి ఇచ్చే బయోడేటాలా ఉంది. మనిషికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఆ దెబ్బతో ఏ పట్టు పట్టుకుని కూర్చున్నాడు, ఆ రెండూ తెలిస్తే మిగతాది రాస్తుంటే వస్తుంది. పేర్లు రేపు ఎలాగూ మారుస్తావు కనుక అతడు, ఆమె అనే అంటాను.

అతడిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె అన్నావు. అంతవరకే రాసి వదిలేస్తే అది ఆధార్ కార్డులో చిరునామా. వేరుశనగ వరసగా ఎండిపోయి, అప్పు చేసి బోరు వేయించిన ఇల్లు అనుకో. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగినాయన ‘ఇక్కడ వెయ్యండి’ అన్నాడు. రాత్రంతా రిగ్ మోత. డబ్బు అడుగుల లెక్కన. పదేళ్ల పిల్లాడు దుప్పటి కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. మూడు వందల అడుగులు, ఐదు వందలు, ఏడు వందలు. పైకి వచ్చేది తెల్లటి రాతిపొడే, తడి లేదు. నాన్న ఇంకో వంద వెయ్యమంటున్నాడు. తెల్లారేసరికి చెట్లూ, నాన్న తలా ఒకే రంగు. అలాంటివి మూడు బోర్లు. నాలుగెకరాలు కుదువకి పోయాయి.

నీళ్లు కంటపడేదాకా ఆశ పెట్టుకోకూడదని ఆ రాత్రి వాడికి తెలిసింది. ఇప్పుడు వాడికి ఇరవై ఎనిమిది. ‘జీవితంలో ఎదగాలి’ అని నువ్వు రాసిన లక్ష్యం వాడి నోట ఎప్పటికీ రాదు. వచ్చే ఉగాదికల్లా పొలం విడిపించుకుని ఊరికి వెళ్లిపోవాలి, ఇదీ వాడి గోల. తేదీ, లెక్క లేని లక్ష్యంతో నవల నడవదు. నూరో పేజీకి వాడు దగ్గరపడ్డాడో దూరమయ్యాడో చదివేవాళ్లకి తెలియొద్దూ?

ఆమె బెంగళూరులోనే పెరిగింది. పన్నెండేళ్లలో ఏడు అద్దె ఇళ్లు. పదకొండు నెలల అగ్రిమెంటు (ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కదా, అందుకే ఆ పదకొండు), పది నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కోత. ఎనిమిదో తరగతిలో వచ్చిన బహుమతి ఫొటోని గోడకి తగిలించుకుంది. ఆ మేకు కన్నానికి ఓనరు అడ్వాన్సులో డబ్బులు పట్టుకున్నాడు. అమ్మ ఆయన్ని ఏమీ అనలేక, ఇంటికొచ్చి పిల్లని కొట్టింది. ఆ తర్వాత ఆమె ఏ గోడకీ మేకు కొట్టలేదు. ఆమెకి ఈ ఊళ్లో, తన పేరు మీద రెండు గదుల ఫ్లాట్ కావాలి. డౌన్ పేమెంట్‌కి ఇంకో ఏడాది పడుతుంది.

ఇద్దరి కోరికా న్యాయమే. ఒకరిది తీరితే మాత్రం ఇంకొకరిది తీరదు. విలన్ మేనమామ, తలుపు చాటున విన్న సగం మాట, ఇవేవీ అక్కర్లేదు. యాక్సిడెంట్ తీసెయ్. పాపం కుర్రాడికి ఇన్సూరెన్స్ ఉందో లేదో.

ఇదంతా మొదటి అధ్యాయంలో కుమ్మరించకు. నీ కథ 2024 వేసవిలో నడుస్తోంది. ఆ మార్చిలో ఇక్కడ బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ రేట్లు చుక్కలనంటి, చివరికి ప్రభుత్వమే ధరలు నిర్ణయించాల్సి వచ్చింది. నువ్వేమో ట్యాంకర్‌ని ట్రాఫిక్ జామ్‌కి వాడుకున్నావు! పీజీ ముందు ట్యాంకర్ ఆగింది, అందరూ బకెట్లు పట్టుకుని వార్డెన్ మీద అరుస్తున్నారు. అతడొక్కడూ పైపు కారే చోట చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆమె స్కూటీ మీద వెళ్తూ చూసింది. బోరు సంగతి నూట ఇరవయ్యో పేజీదాకా ఎత్తకు. అలాగే ఆమె గదిలో క్యాలెండర్ ఫ్రిజ్ మీద ఆనించి ఉంటుంది. మేకు కొట్టిపెడతానంటాడు అతడు. ‘వద్దు’ అంటుంది, సుత్తి చేతిలోంచి లాక్కున్నంత గట్టిగా.

పాత్ర అంతుపట్టనప్పుడు నేను ఒకటే అడుగుతాను: ఫోన్లో మీ అమ్మకి ఏం అబద్ధం చెప్తావు? ‘తిన్నానమ్మా’ అంటాడు. అది అందరూ చెప్పేదే, ఇంకాస్త తవ్వు. ‘ఆఫీసులో భోజనం ఫ్రీ’ అన్నాడా? అక్కడ ఆగు. ఒకపూట మానేసి వడ్డీ కడుతున్నాడన్నమాట. ఆమె అసలు ఎదురుపడకపోతే వాడి వచ్చే ఏడాది ఎలా గడిచేదో అది కూడా ఒక పేజీ రాయి. నవల్లోకి రాదు, అయినా రాయి. ఆమె కోసం వాడు ఏం వదులుకుంటున్నాడో అందులో ఉంటుంది.

చివర ఎవరు తగ్గుతారో నన్ను అడగకు.

నాలుగో అధ్యాయం ఇప్పుడే వద్దు. ఆమె అమ్మతో చెప్పే అబద్ధం ఏమిటో రాసి పంపు. ట్యాంకర్ మీ వీధికి ఎన్నింటికి వచ్చేదో పీజీలో పాతవాళ్లని కనుక్కో. నువ్వు సాయంత్రం అన్నావు, మా వీధికి మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి వచ్చేది.

పెద్దమ్మ