రోజ్ కార్డు కొనేముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. బేస్‌బాల్ ఆటగాడు పీట్ రోజ్ రూకీ కార్డు, అంటే ఆయన కొత్తగా ఆటలోకి వచ్చినప్పుడు అచ్చేసిన బొమ్మ కార్డు, బేరంలో ఉంది, కొనమంటావా అని మెసేజ్ పెట్టావు. అమ్మకు చెప్పొద్దని కూడా అన్నావు కాబట్టి రేటు గట్టిదే అనుకుంటున్నాను. ఇది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

నీ లెక్క నాకు అర్థమైంది. బెట్టింగ్ కేసులో 1989లో రోజ్‌ను బేస్‌బాల్ నుంచి వెలివేశారు. 2024 సెప్టెంబర్‌లో పోయాడు. 2025 మేలో నిషేధం ఎత్తేశారు. ఇక హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాలోకి వస్తాడు, కార్డు రేటు పెరుగుతుంది అని. బాగానే ఉంది. కానీ అబ్బాయ్, నువ్వుండేది సిన్సినాటిలో, అది ఆయన సొంతూరు. అక్కడ ఈ వార్త తెలియని అమ్మకందారు ఉంటాడా? రింగ్ రోడ్డు వస్తోందని పేపర్లో పడ్డాక పొలం కొనబోయినట్టుంది నీ బేరం. ఆయన పేరు హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేసే కమిటీ ముందుకు రావాలంటే 2027 డిసెంబర్ దాకా ఆగాలి. అప్పుడైనా 16 మందిలో 12 మంది సరే అనాలి. ఆ ఆశకు డబ్బు నీ దగ్గర ఇప్పుడే వసూలు చేస్తున్నారు.

ఆటగాడి పేరు కార్డు రేటును ఎలా ఆడిస్తుందో ముందు తెలుసుకో. మంచివాడికి ఎక్కువ, చెడ్డవాడికి తక్కువ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పాతతరం ఆటగాడు మికీ మాంటిల్ తాగుడు జగమెరిగినదే. చనిపోయే ముందు ఆయనే నాలా బతకొద్దని అందరి ముందూ చెప్పుకున్నాడు. అయినా ఆయన 1952 టాప్స్ కంపెనీ కార్డు 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. తమాషా ఏంటంటే అది ఆయన రూకీ కార్డు కూడా కాదు. పైగా ఆ సిరీస్‌లో మిగతా చాలా కార్డుల కంటే దాన్ని రెట్టింపు అచ్చువేశారు. టై కాబ్ ముక్కోపి, మైదానంలో ఆయనంటే గిట్టనివాళ్లే ఎక్కువ. ఆయన కార్డులకు ఏనాడూ గిరాకీ తగ్గలేదు.

అలాగని అరుదుగా దొరికితే చాలనీ అనుకోకు. 1909లో మొదలైన, సిగరెట్ పెట్టెల్లో పెట్టిచ్చిన కార్డుల సెట్ టి206 ఉంది కదా, అందులో హోనస్ వాగ్నర్, ఎడీ ప్లాంక్ ఇద్దరివీ దొరకడం కష్టమే. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లే. ప్లాంక్ 326 మ్యాచ్‌లు గెలిపించిన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. కానీ వాగ్నర్ కార్డు 72 లక్షల డాలర్లు దాటింది, ప్లాంక్ దాని దరిదాపుల్లోకి కూడా రాడు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొంటారని వాగ్నర్ తన కార్డు అచ్చువేయడానికి ఒప్పుకోలేదని చెబుతారు. కాదు, డబ్బు దగ్గర తేడా వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా కానీ ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ప్లాంక్‌కు అంత పేరున్న కథ లేదు, పాపం.

మార్కెట్ క్షమించనిది ఒకటుంది. అంకెల మీద అనుమానం. మార్క్ మెగ్వైర్ 1998లో 70 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినప్పుడు ఆయన 1985 కార్డు కోసం జనం ఎగబడ్డారు. స్టెరాయిడ్ల గోల మొదలయ్యాక ఆ మోజు దిగిపోయింది. 2010లో వాడానని ఆయనే ఒప్పుకున్నాడు. వేలంవెర్రిలో కొన్నవాళ్లకు అట్టముక్కలు మిగిలాయి.

రోజ్ విషయం వేరు. బెట్టింగ్ కట్టాడు, ఏళ్ల తరబడి అబద్ధమాడాడు. కానీ 4,256 హిట్లు ఆయనవి కావని ఎవరూ అనరు. అందుకే నిషేధం ఉన్నన్నాళ్లూ ఆయన కార్డుకు కొనేవాళ్లున్నారు. అంటే హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చినా ఒక్కసారిగా ఆకాశానికి ఎగురుతుందని నాకు నమ్మకం లేదు. నచ్చి కొంటే కొను, లాభం కోసమైతే వద్దు. సంతకం ఉందని ఎక్కువ అడిగితే అసలే ఇవ్వకు. ఆయన బతికినన్నాళ్లూ కూర్చుని సంతకాలు అమ్మిన మనిషి.

ఇక కార్డు సంగతి. 1963 టాప్స్ 537వ నంబరు. నలుగురు కొత్త కుర్రాళ్ల తలకాయలు ఒకే కార్డు మీద ఉంటాయి, రోజ్ వాళ్లలో ఒకడు. దీనికి దొంగ కార్డులు 1980ల నుంచే ఉన్నాయి. కంపెనీ పరీక్షించి గ్రేడు వేసి సీలు చేసే గ్రేడింగ్ డబ్బాలో లేకపోతే మంచి భూతద్దం పట్టుకెళ్లు. బొమ్మలో రంగు చుక్కలు కనిపించడం మామూలే, నల్ల అక్షరాలు మాత్రం నిండు సిరాతో ఉండాలి. అక్షరాల్లోనూ చుక్కలు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్. డబ్బాలో ఉంటే దాని మీది నంబరు గ్రేడింగ్ కంపెనీ సైట్లో కొట్టి చూడు.

నిషేధం ఎత్తేసే ముందు ఏడాదిలో అదే గ్రేడు కార్డు వేలంలో ఎంతకు పోయిందో కూడా వెతుకు. ఆ రేటూ వాడు అడుగుతున్న రేటూ పక్కపక్కన రాసి, కార్డు ముందూ వెనకా ఫోటోలతో నాకు పంపు. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య